మూసిన షెడ్డులో తిరిగిన ఫ్యాన్లు

తవిటయ్య సైకిలుకి స్టాండు వేసేసరికే ఇందు క్వార్టరు ముందు కరెంటు ఆఫీసు జీపు ఆగి ఉంది. లోపల ఇద్దరు మనుషులు మంచం కింద దూరి వెతుకుతున్నారు. మూడోవాడు అటక మీది బిందెలు ఒక్కొక్కటే కిందికి దింపుతున్నాడు. గుమ్మం బయట అమర్‌నాథ్ చేతులు వెనక్కి కట్టుకుని, ఒక మాస్కు మీద ఇంకో మాస్కు వేసుకుని, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ మొత్తానికి తనే కాపలా అన్నట్టు నిలబడ్డాడు.

"రండి తవిటయ్య గారూ," అన్నాడు. "మీరు లేక సోదా బోసిగా ఉంది."

"ఏటి ఎతుకుతున్నారో సెప్తే నానూ ఓ సెయ్యి ఏస్తాను బాబూ."

"రాగి కేబులు. నీలం షెడ్డులోంచి మాయమైంది."

"దొరికిందేటి?"

"దొరుకుతుంది."

"అంటే దొరకలేదన్నమాట," అని తవిటయ్య మూతికి కట్టుకున్న గంఛా తువ్వాలు సర్దుకున్నాడు.

డిటెక్టివ్ అనగానే కోటూ టోపీ ఊహించుకునేవాళ్ళకి తవిటయ్యని చూస్తే నీరసం వస్తుంది. రైల్వే రక్షణ దళంలో వ్యాగన్ దొంగల్ని పట్టి పట్టి ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. ఈ బెంగాల్ ఊళ్ళో తెలుగువాళ్ళకి ఏది పోయినా, ఎవరు కనబడకపోయినా ఆయన గుమ్మమే ఎక్కుతారు. వయసు పైబడినవాళ్ళు ఇల్లు కదలొద్దని సర్కారు చెబుతోంది, అంతకంటే గట్టిగా ఆయన భార్య దాలమ్మ చెబుతోంది. ఇద్దరి మాటా తోసేయడానికి ఆయన మెళ్ళో రేషన్ పంచే వాలంటీరు కార్డు వేలాడుతోంది. సైకిలు సంచిలో నిజంగానే బియ్యం ఉన్నాయి. అబద్ధాన్ని పూర్తిగా ఆడటం ఆయనకి చేతకాదు మరి.

అమర్‌నాథ్ కరెంటు దొంగల్ని పట్టుకునే విభాగంలో ఇంజనీరు. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, తాల్‌బగీచా పేటలో. తెలివైనవాడు, నిజాయితీపరుడు. ఆ రెండూ తనకున్నాయన్న సంగతి ఒక్క క్షణం కూడా మరిచిపోలేకపోవడమే అతనికున్న జబ్బు.

ఇందు వంటింటి గడపలో కూర్చుని ఉంది. పక్కన కుట్టుమిషను మీద సగం కుట్టిన మాస్కులు పడున్నాయి. తవిటయ్యని చూడగానే లేచింది. కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి.

"మావయ్యా, మా ఆయన్ని దొంగంటున్నారు."

"కూకో తల్లీ. మొదట్నుంచి మళ్ళీ ఓపాలి సెప్పు. ఈ బాబూ ఇంటాడు."

ఆమె చెప్పింది. మొగుడు హరిబాబు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో నీలం రేకుల షెడ్డుకి కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. లాక్‌డౌన్‌కి అంతా మూసేసే ముందురోజు డ్యూటీకి వెళ్ళాడు. ఏదో అర్జెంటు ఆర్డరుందని మేనేజరు సిరిల్ ఎవర్నీ ఇంటికి పంపలేదు. వారం పాటు హరిబాబు రోజూ ఫోను చేశాడు. ఆర్డరవగానే వస్తానన్నాడు. ఆ తర్వాత ఫోను ఆగిపోయింది.

"సిరిల్ సారుకి ఫోన్ సేసినాను," అంది ఇందు. "అందర్నీ ఇళ్ళకి పంపేసినాం, నీ మొగుడు రాగి కేబులట్టుకుని పారిపోయినాడు అన్నాడు. ఆ తరవాత ఆ సారు ఫోనూ ఆగిపోయింది. మూడు వారాలు దాటింది మావయ్యా."

అమర్‌నాథ్ గొంతు సవరించుకున్నాడు. "విన్నారుగా. ఇప్పుడు నా వైపు వినండి. ఈ లాక్‌డౌన్ మా పని సులువు చేసింది. రైల్వే వర్క్‌షాపు ఆగింది, ఫ్యాక్టరీలు ఆగాయి, కరెంటు వాడకం దబ్బున పడిపోయింది. అందరూ తింటున్నప్పుడు దొంగతిండి కనబడదు. అందరూ పస్తులున్నప్పుడు ఎవడి పళ్ళెంలో మెతుకున్నా కనబడుతుంది."

"ఇళ్ళల్లో వాడకం పెరిగింది కదేటి? పగలల్లా అందరూ ఫ్యాను కిందే."

"పెరిగింది. కానీ ఫ్యాక్టరీలు మానేసినంతా ఇళ్ళు తినలేవు. అందుకే లైన్లో వోల్టేజీ ఎక్కువై మీ బల్బులు పేలుతున్నాయి."

"మాయి రెండు పోయినాయి," అంది ఇందు, ఆ ఏడుపులోనే.

"అదీ సంగతి. పార్కులో షెడ్లన్నీ నిద్రపోతున్నాయి. గేటు దీపం తప్ప ఇంకేం వెలగకూడదు. నీలం షెడ్డు మాత్రం రోజూ కరెంటు తాగుతూనే ఉంది. లోపల మనిషి లేడని ఫోను ఆగకముందే మేనేజరు చెప్పాడు, కాపలావాడు చెప్పాడు. మరి ఎవరు తాగుతున్నారు? లోపలి వైరింగు తెలిసినవాడు ఎవడో దొంగలైను లాగి బయటికి అమ్ముకుంటున్నాడు. వైరింగు తెలిసినవాడు ఒక్కడే, వాడే కనబడటం లేదు. పొద్దున్నే లైను కోయించాను. గేటుకి సీలు వేశాను. కేబులు దొరికితే సాయంత్రానికి కేసు రాస్తాను. దొరక్కపోయినా రాస్తాను."

ఇందు అతని దాకా వచ్చింది. దూరం పాటించాలని అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బాబూ, దొంగని రాసుకోండి. నా సేత సంతకం కావాలంటే ఎడతాను. ఉన్నాడా నేడా అన్నది మాత్రం సెప్పండి."

అటక మీది మనిషి బిందె చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎంత సర్వీసు చేసినా కొన్ని మాటలు తవిటయ్యకి అలవాటు కాలేదు.

"సాయంత్రం దాకా ఆగండి ఇంజనీరు బాబూ," అన్నాడు. "నానోపాలి ఆ షెడ్డు సూసొస్తాను."

"సీలు ముట్టుకుంటే మీ మీదా కేసు రాస్తాను."

"రాయండి. మా దాలమ్మకి సెప్పకండి, అంతే," అని తవిటయ్య సైకిలెక్కాడు.

*

నీలం షెడ్డు గేటుకి తాళం, తాళానికి గుడ్డ, గుడ్డ మీద ఎర్ర లక్క. పక్కన రేకుల గదిలో కాపలాదారు టోని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సైకిలు చప్పుడికి ఉలిక్కిపడి లేచాడు. ముందు తవిటయ్య మెళ్ళో కార్డు చూశాడు, తర్వాత సంచి చూశాడు, ఆ తర్వాతే మొహం చూశాడు.

"సీలు తియ్యడానికొచ్చినారా దాదా?"

"నేదు. బియ్యం ఇవ్వడానికొచ్చినాను."

టోని మొహం వాడిపోయింది. ఉచితంగా బియ్యం ఇస్తానంటే మొహం వాడేసుకునే మనిషిని ఆ నెలలో తవిటయ్య ఇంకొకణ్ణి చూడలేదు.

"లోపలెవరున్నారు టోనీ?"

"ఎవరూ నేరు. పిట్ట కూడా నేదు."

"మరి నువ్వెవరికి కాపలా?"

"గోడలకి దాదా. మిషన్లకి."

"హరిబాబు ఎప్పుడెళ్ళినాడు?"

"అందరితోపాటే."

"ఏ బండి మీద?"

"లారీ..." టోని ఆగాడు. "నడిసెళ్ళినాడు."

"లారీలో నడిసెళ్ళినాడా?"

టోని చెమట తుడుచుకుని గేటు వైపు చూశాడు. "దాదా, ఈ సీలు ఎప్పుడు తీస్తారంటారు? ఇయ్యాల తీస్తారా?"

"నీకెందుకు తొందర? లోపల పిట్ట కూడా నేదు కదా. సీలున్నన్నాళ్ళూ నీకు పనే నేదు. హాయిగా పడుకో."

"పడుకోవచ్చు," అన్నాడు టోని, ఏడవబోయేవాడిలా.

తవిటయ్య గదిలోకి తొంగిచూశాడు. స్టూలు వెనక తువ్వాలు కప్పిన డేక్సా ఒకటి ఉంది. దాన్నెత్తాలంటే ఇద్దరు కావాలి. తువ్వాలు అంచు పైకి తీశాడు. అన్నం. దాని పక్కన బాల్చీ నిండా పప్పు. ఎండకి అన్నం అప్పుడే పులుపెక్కుతోంది.

"భోజనమా?"

"నాది దాదా. మా ఇంటిది దోర్కా వండిచ్చింది."

"నీ ఒక్కడికే?"

"నాకూ, కుక్కలకీ."

"కుక్కలకి పప్పులో తాలింపు కూడా ఎట్టిందేటి మీ దోర్కా? మంచి మనిషి."

టోని తువ్వాలు లాక్కుని మళ్ళీ కప్పాడు. "సీలు తియ్యమని ఆ ఇంజనీరు సారుకి మీరో మాట సెప్పరా దాదా?" అన్నాడు. ఇది మూడోసారి.

ఆ మాటకి తవిటయ్య అక్కడ ఆగలేదు. గోడ పట్టుకుని షెడ్డు వెనక్కి నడిచాడు. గోడ నిలువెత్తుకి ఇంకా పైన ఉంది, దాని మీద గాజుపెంకులు, వాటి మీద ముళ్ళకంచె. పక్క షెడ్లలో గాలి తప్ప ఇంకేం చప్పుడు లేదు. అరిచినా వినడానికి ఈ పార్కులో ఇప్పుడు మనిషనేవాడు లేడు.

వెనక గోడ అడుగున మురుగు గొట్టం బయటికి పొడుచుకొచ్చి ఉంది. తవిటయ్య మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ కూర్చున్నాడు. గొట్టం కింద పాచి పచ్చగా, మెత్తగా ఉంది. రాళ్ళ మీద సబ్బు నురగ ఎండి తెల్లగా చార కట్టింది. చారలో మూడు నాలుగు మెతుకులు, వాటికి చీమలు. మొన్న కురిసిన కాలవైశాఖి గాలివానకి సబ్బు నురగ రాదు, మెతుకులూ రావు. ఇక్కడ రోజూ నీళ్ళు పారాయి. గొట్టం నోట్లో వేలు పెట్టాడు. తడి ఉంది, పారే నీళ్ళు లేవు. నీళ్ళు ఈ పొద్దుటే ఆగాయి.

నీళ్ళు ఆగడమంటే బోరు మోటారు ఆగడం. మోటారు ఆగడమంటే కరెంటు ఆగడం. ఆయన లేచి నిలబడే లోపలే రోడ్డు మీద జీపు హారను మోగింది. ఒక్కసారి కాదు, కోపంగా, ఆపకుండా.

*

"నా సీలు దగ్గర మీకేం పనండీ?" అంటూ అమర్‌నాథ్ జీపు దిగాడు. ఇందు ఇంట్లో కేబులు దొరకలేదన్న సంగతి అతను చెప్పక్కర్లేకుండానే మొహం చెబుతోంది. "ముప్పై ఏళ్ళు వ్యాగన్లు చూసుకున్నారు, బాగానే ఉంది. ఇది కరెంటు. దీని జోలికి రాకండి."

"రాను బాబూ. ఒక్కటి మాత్రం సూపించు. ఈ షెడ్డు కరెంటు ఎలగ తాగిందో ఆ గీత సూపించు."

"మీకు అర్థం కాదు."

"అర్థం కాకపోతే నీకు నష్టమేటి?"

అమర్‌నాథ్‌కి తన పని చూపించుకోవడమంటే ఇష్టం. తిడుతూనే ల్యాప్‌టాప్ తీసి జీపు బోనెట్ మీద పెట్టాడు. పెద్ద షెడ్ల మీటర్లు పావుగంటకోసారి తమ లెక్క తామే పంపుతాయి. ఆఫీసుకి అదంతా గీతల బొమ్మగా కనబడుతుంది.

"ఇదిగో, లాక్‌డౌన్‌కి ముందు. పొద్దున షిఫ్టుకి కొండలా లేస్తుంది, రాత్రికి దిగుతుంది. ఇది లాక్‌డౌన్ మొదటి వారం. చూడండి, అప్పుడూ కొండే. మూసేశామని చెప్పి దొంగచాటుగా మిషన్లు నడిపారు. దానికి మేనేజరు మీద వేరే కేసు. ఇక్కడ టక్కున పడిపోయింది. మిషన్లు ఆగాయి. కానీ సున్నా కాలేదు. ఈ మిగిలిందే దొంగలైను."

తవిటయ్య బొమ్మ మీదికి వంగాడు. మధ్యాహ్నం గీత లేస్తోంది. సాయంత్రం కాస్త దిగి, మళ్ళీ లేచి, తెల్లవారుజామున చల్లబడ్డాక సన్నబడుతోంది. ఉదయం ఒకచోట ముల్లులా లేచి దిగుతోంది.

"మీ తాల్‌బగీచా ఇళ్ళ గీత ఉందా?"

ఉంది. పక్కన పెట్టాడు. ఒకటి ఏనుగంత, ఒకటి ఎలకంత. ఆకారం మాత్రం ఒకటే.

"మొన్న కాలవైశాఖి వచ్చిన సాయంత్రం సూడు. సల్లబడగానే ఇళ్ళల్లో ఫ్యాన్లు కట్టేసినారు, గీత దిగింది. నీ షెడ్డుదీ దిగింది. మిషన్‌కి సల్లగాలి తెలీదు బాబూ. పొద్దున్న ఆ ముల్లు సూడు, అది మోటారు. స్నానాల యేళ. లోపల మనుషులున్నారు."

అమర్‌నాథ్ నవ్వాడు. "తవిటయ్య గారూ, ఇది నేను ముందే చూశాను. దొంగలైను ఎవరికి అమ్ముతారు? ఇళ్ళకే కదా? ఇళ్ళకి అమ్మితే గీత ఇంటి గీతలాగే ఉంటుంది. గాలి వస్తే ఆ ఇళ్ళల్లోనూ ఫ్యాన్లు కట్టేస్తారు."

దెబ్బ సరిగ్గా తగిలింది. తవిటయ్య గంఛాతో మెడ తుడుచుకున్నాడు. కుర్రాడు తెలివైనవాడే. కాదనడానికి లేదు.

"పోనీ," అన్నాడు, "దేశమంతా దీపాలార్పమన్న రోజు సూపించు. రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు."

"ఆ రాత్రి మేం ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాం. అందరూ ఒక్కసారే ఆర్పి, ఒక్కసారే వేస్తే గ్రిడ్డు కూలుతుందేమోనని." అమర్‌నాథ్ బొమ్మ జరిపాడు. "తాల్‌బగీచా, ఇదిగో గుంట. షెడ్డు, ఇదిగో గుంట. ఇక్కడా ఆర్పారు. దొంగలైను తీసుకున్న ఇళ్ళవాళ్ళకీ దేశభక్తి ఉండదా ఏంటి?"

"అవును. ఉంటాది," అన్నాడు తవిటయ్య. ఇక అడగడానికేం తోచలేదు. ఇందుకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

అమర్‌నాథ్ ల్యాప్‌టాప్ మూయబోయాడు. మూత సగంలో ఆగింది. మళ్ళీ తెరిచాడు. బొమ్మని ఒక రోజు ముందుకి జరిపాడు. ఇంకో రోజు. ఇంకో రోజు. అతని వేలు వేగం పెరిగింది.

"ఏటి బాబూ?"

"ఇదేంటి..." అమర్‌నాథ్ తెర మీదికి వంగాడు. "మర్నాడు తాల్‌బగీచాలో గుంట లేదు. ఎందుకుంటుంది, ఆర్పమన్నది ఒక్కరోజే. షెడ్డులో మాత్రం మర్నాడూ ఉంది. తొమ్మిదింటి పావుగంటలో మామూలులో సగం కూడా వాడలేదు. ఆ మర్నాడూ అంతే. నిన్న రాత్రి కూడా."

"సప్లై పోయిందేమో?"

"లేదు, వోల్టేజీ నిక్షేపంలా ఉంది. లైనుంది. లోపలి మెయిన్ స్విచ్చి ఎవరో దించుతున్నారు. తొమ్మిది నిమిషాలు దించి, మళ్ళీ వేస్తున్నారు. రోజూ. ఇన్ని ఇళ్ళు రోజూ ఒక్క నిమిషానికి కట్టుబడవు. ఇది ఒక్క చెయ్యి." అతను తల ఎత్తాడు. మాస్కుల మీద కళ్ళు పెద్దవయ్యాయి. "ఈ గీత ఎవరో ఒకరు చూస్తారని తెలిసినవాడి చెయ్యి."

"నీకు పిలుపెడుతున్నాడు బాబూ," అన్నాడు తవిటయ్య. "ఫోను నేదు, గోడ దాటనేడు. సేతిలో ఉన్నది ఆ మెయినొక్కటే. రోజూ పిలిసినాడు."

అమర్‌నాథ్ గేటు మీది తన సీలు వైపు చూశాడు. పిలుపుకి తనిచ్చిన జవాబేమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

వెనక ధబ్బుమని చప్పుడైంది. టోని స్టూలు తన్నుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. ఎప్పట్నుంచి వింటున్నాడో.

"సీలు తియ్యండి సారూ! మీకు దండం ఎడతాను. పొద్దుట్నుంచి నీళ్ళు నేవు ఆళ్ళకి. నా అన్నం ఇక్కడే ఉండిపోయింది."

తవిటయ్య దూరం సంగతి మరిచిపోయి వాణ్ణి రెక్క పట్టుకుని లేపాడు. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఆర్డరు పని చేస్తుండగా ఇద్దరికి జ్వరం తగిలింది. బయటికి పొక్కితే లాక్‌డౌన్‌లో మిషన్లు నడిపిన సంగతి కూడా పొక్కుతుందని సిరిల్‌కి భయం. క్రిములు చావడానికి మందు కొడతామని ఫోన్లు తీసుకున్నాడు. రెండువారాలు విడిగా ఉండాలని నమ్మించి అందర్నీ మెయిన్ స్విచ్చీ, బోరు మోటారూ ఉన్న సరుకు గోదాములోకి పంపి షట్టరుకి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని కలకత్తా పోయాడు. అక్కడ రోగం వచ్చిందని అతని వీధికే వెదుళ్ళు అడ్డం కట్టేశారు. ఫోను పలకడం లేదు. షట్టరు పక్కన చెయ్యి పట్టేంత కిటికీ ఉంది, అన్నమైనా, దీపాలార్పమన్న కబురైనా అందులోంచే.

"నోరిప్పితే అందర్నీ పోలీసులు పట్టుకుపోతారన్నాడు సిరిల్ సారు. నా పిల్లల్ని కూడా. తాళంచెవి నా దగ్గర నేదు దాదా. అన్నం మాత్రం ఒక్క పూటా మాననేదు. మా దోర్కాని అడగండి."

తిట్టాలని నోరు తెరిచిన తవిటయ్య ఆ డేక్సా వైపు చూసి ఊరుకున్నాడు. తిట్టడానికి తర్వాత చాలా టైముంది.

అమర్‌నాథ్ అప్పటికే తన సీలు తనే పీకేశాడు. ఒక చేత్తో టోని దగ్గర గేటు తాళంచెవి లాక్కుంటూ, ఇంకో చేత్తో ఫోను చెవికి పెట్టుకుని అరుస్తున్నాడు. "సబ్‌స్టేషనా? నీలం షెడ్డు లైను పొద్దున కోయించాం కదా, వెంటనే ఇచ్చెయ్యండి. కాగితం తర్వాత పంపుతాను. లోపల మనుషులున్నారు, మోటారు తిరగాలి. అవును, నేనే చెబుతున్నా. వెంటనే!"

గేటు తెరుచుకుంది. ముగ్గురూ పరిగెత్తారు. తవిటయ్య మోకాళ్ళు అంత పరుగు చూసి చాలా ఏళ్ళయింది. గోదాము షట్టరు పక్కన చిన్న కిటికీలో చేతులు కనబడ్డాయి, నాలుగైదు చేతులు, ఖాళీ గ్లాసులతో. టోని జీపులోంచి తెచ్చిన నీళ్ళ క్యాను వంచి గ్లాసులు నింపుతున్నాడు, ఏడుస్తున్నాడు, సగం నేలమీదే పోస్తున్నాడు.

"అందరూ ఉన్నారా?" తవిటయ్య కిటికీకి నోరు పెట్టి అడిగాడు.

"ఉన్నాం బాబూ," అన్నదొక తెలుగు గొంతు, ఎండిపోయి. "జొరాలు తగ్గిపోయినాయి. ఉడికిపోతన్నాం గానీ ప్రాణాల్తో ఉన్నాం."

"హరిబాబునిలా పిలు. ఇందు కబురు తెచ్చినానని సెప్పు."

కిటికీలోని చేతుల్లో ఒకటి లోపలికి వెళ్ళిపోయింది.

"హరి ఇక్కడ నేడు బాబూ. ఎనక గోడకి పైన ఊసల గాలి కిటికీ ఉంది. దాని పక్కనించే ట్రాన్స్‌ఫార్మర్ తీగలెళ్తాయి. ఇన్నాళ్ళూ అటేపు తలెట్టడానికే బయం. పొద్దున కరెంటు పోయింది కదా. లైను సచ్చిపోయింది, ఇంక మనకి ఇదే నిచ్చెన అన్నాడు. ఊస వంచుకుంటా ఉన్నాడు పొద్దుట్నుంచి. ఇందాక ఆ జీపు హారను ఇనబడింది కదా, ఎవరో వచ్చినారని ఊస ఊడలాగి ఇప్పుడే ఎక్కేసినాడు."

అమర్‌నాథ్ లైను ఇచ్చెయ్యమని చెప్పి ఇంకా ఎంతోసేపు కాలేదు. లైను మీద మనిషి లేడని తేల్చుకోకుండా కరెంటు ఇవ్వకూడదన్నది ఆ ఉద్యోగంలో మొదటిరోజే నేర్పే మాట. అతను దాన్ని ఇంకా కొత్తగా చేరినవాళ్ళకి నేర్పుతున్నాడు కూడా.

ఫోను తీశాడు. వేళ్ళు ఒకసారి తప్పు నంబరు నొక్కాయి. మళ్ళీ నొక్కాడు.

తవిటయ్య గోదాము వెనక్కి తిరిగేసరికి ట్రాన్స్‌ఫార్మర్ మోసే రెండు స్తంభాల మధ్య, ఇనప కమ్మీ మీద హరిబాబు కనబడ్డాడు. గడ్డం పెరిగి, చొక్కా లేకుండా, ఒక కాలు కమ్మీ మీదా ఒక కాలు గాల్లోనూ. గోడ అవతల రోడ్డు కోసం మెడ సాచి చూస్తున్నాడు. రెండు చేతులా తీగ పట్టుకుని ఉన్నాడు.

"హరీ! తీగొగ్గీరా! వదిలీ! దూకీ!"

ఇంటి గొంతు. మూడు వారాల తర్వాత తన పేరు. హరిబాబు తల తిప్పి కిందికి చూశాడు. మాటలు అందలేదు, మనిషిని మాత్రం గుర్తుపట్టాడు. మొహమంతా నవ్వయింది. ఒక చెయ్యి తీసి ఊపాడు. రెండోది తీగ మీదే ఉంది.

వెనక నుంచి అమర్‌నాథ్ పరిగెత్తుకొస్తున్నాడు, ఫోను చెవికి కాకుండా మొహం ముందు పట్టుకుని. స్పీకర్లో సబ్‌స్టేషను ఇంకా పలకలేదు. ముందు రికార్డులో ఎవరో దగ్గారు. తర్వాత ఒక ఆడగొంతు, ఆ రోజుల్లో ఏ ఫోను చేసినా ముందుగా వినబడే ఆ కరోనా హెచ్చరిక గొంతు, చేతులు సబ్బుతో కడుక్కోమని, మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉంచమని, తొందరేమీ లేనట్టు బెంగాలీలో చెప్పుకుపోతోంది.